కొండాపూర్ నేల కుంగిన నాలుగు వారాలు

ఇది విన్నాక మీరు నన్ను ఇంజనీరు అంటారో, పూజారి అంటారో మీ ఇష్టం. ఆఫీసులో ఇప్పటికే రెండో పేరు ఖాయం చేసేశారు. వాళ్ళ నోటా వీళ్ళ నోటా విని, దానికి తోకలు తగిలించుకుని నవ్వుకునే బదులు నా నోటే వినండి. ముందు ఆ చాయ్ ఇటు జరపండి, గొంతు ఎండిపోయింది.

కొండాపూర్ నుంచి బోరబండ వైపు కొత్త రోడ్డు వేయాలని సర్వే నాకు అప్పగించారు కదా. మామూలుగా అయితే మేం నేల ఎత్తుపల్లాలు కొలిచి తెస్తే, మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ సోమయాజులు గారు పెన్సిలు చెక్కుకుని కూర్చుని నేల బొమ్మంతా చేత్తో గీస్తారు. ముప్ఫై ఏళ్ళ చెయ్యి ఆయనది. నేనేమో కొత్త బిచ్చగాణ్ణి, పొద్దెరగను. మీటింగులో నోరు తెరిచి, "ఎందుకండీ ఇంత శ్రమ? కంప్యూటర్‌కి ఇద్దాం. కొలతల్ని కార్డుల మీద కన్నాలుగా పంచ్ చేసి ఇస్తే నేల బొమ్మ అదే వేస్తుంది, ఎక్కడ తవ్వాలో ఎక్కడ పోయాలో అదే చెబుతుంది" అన్నాను.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఇ.ఇ. గారు నన్ను అలా ఎగాదిగా చూసి, "సరేనయ్యా. వచ్చే నెలాఖరుకి డ్రాయింగు నా టేబుల్ మీద ఉంటే నిన్ను రెగ్యులర్ చెయ్యమని రాస్తాను. లేకపోతే నీ టెంపరరీ ఆర్డరు ఆ రోజుతో సరి" అన్నారు. మా ఊళ్ళో మా అమ్మ అప్పటికే అందరికీ మా వాడిది పర్మనెంటు ఉద్యోగం అని చెప్పేసుకుంది. ఇక నేను వెనక్కి తగ్గేదెక్కడ?

మీలో ఎవరైనా అటు వెళ్ళారా అసలు? మాదాపూర్ దాటితే మనిషి అలికిడి ఉండదు. ఎటు చూసినా బండలే. ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో పడిపోతాయన్నట్టు నిలబడి ఉంటాయి. వాటి మధ్య సీతాఫలం పొదలు. మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి పిట్ట కూడా కూయదు. గాలి ఆ బండల సందుల్లోంచి దూరినప్పుడు ఎవరో పళ్ళ బిగువున ఊపిరి పీలుస్తున్నట్టు చప్పుడు. మొదటి రోజు ఆ చప్పుడు విని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

నాకు సాయం ఎల్లయ్య. కొండాపూర్ వాడే, గళ్ళు గీసిన పొడుగాటి కర్ర, అదే స్టాఫ్, పట్టుకుని చెప్పిన చోట నిలబడతాడు. నేను దూరంగా మూడుకాళ్ళ స్టాండు మీద దుర్భిణి పెట్టి ఆ కర్ర మీది అంకె చదువుతాను. రోజూ పని మొదలుపెట్టేది ఒక రాయి దగ్గర. బెంచ్ మార్క్ అంటాం దాన్ని. దాని ఎత్తు మనకు తెలుసు కాబట్టి మిగతా నేలంతా దాన్నుంచే లెక్క కడతాం. పెద్ద బండ మీద పెట్టుకోవాలి అది. అక్కడి బండలన్నీ గుండుగా ఉన్నాయి, కర్ర నిలవదు. అందుకని ఊరి బయట, పొదల వెనక, మోకాలెత్తు నిలువురాయి ఒకటి చదునుగా కనిపిస్తే దానితోనే కానిచ్చాను. తెల్ల పెయింటు అయిపోయింది. ఉన్న ఎర్ర పెయింటుతో బాణం గుర్తు వేశాను.

"సార్, కొత్త జాగ. కొబ్బరికాయ కొట్టకుండ పని షురూ జెయ్యొద్దు" అన్నాడు ఎల్లయ్య.

నిజమే కదా. మా ఇంట్లో కొత్త సైకిలుకి కూడా కొడతాం. ఆ రాయి ముందే కొట్టాను. ఎల్లయ్య ఇంత పసుపు రాశాడు. గడ్డిమోపుతో పోతున్న ఒకామె ఆగి, మోపు దించి దండం పెట్టుకుని వెళ్ళింది. శుభశకునం అనుకున్నాను.

మొదటి వారం బ్రహ్మాండంగా గడిచింది. కంప్యూటర్ సెంటర్లో మాకు గురువారం మాత్రమే టైమిస్తారు. చెప్పులు బయట విప్పి, ఆ చల్లటి గదిలోకి దొంగల్లా వెళ్ళాలి. కార్డులు పంచ్ చేసేది సరళ గారు. మాట తక్కువ, చూపు ఎక్కువ. ప్రింటరు గడగడమంటూ ఇంత పొడుగు కాగితం కక్కింది. ఎత్తున్న చోట తెల్లగా, పల్లమున్న చోట నల్లగా అక్షరాలు గుద్దుతుంది. అచ్చం నేను చూసి వచ్చిన నేలే. కాగితం చుట్టచుట్టి తెచ్చి సోమయాజులు గారి టేబుల్ మీద పరిచాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "బాగానే ఉంది. బెంచ్ మార్క్ చెక్ చేస్తున్నావా రోజూ?" అన్నారు.

"రాయి ఎక్కడికి పోతుందండీ?" అన్నాను.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. వారానికోసారి మన రాయిని రైలు కట్ట కింద నీళ్ళు పోయే మోరీ మీదున్న సర్కారు ఎత్తు గుర్తుతో సరిచూసుకోవాలి. అది రెండు మైళ్ళు. ఎండ. మొదటి రోజు అక్కణ్ణుంచి ఎత్తు తెచ్చుకున్నాక మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళినట్టు పుస్తకంలో రాశాను.

రెండో వారం కాగితం రాగానే సరళ గారు దాన్ని చింపకుండా చాలాసేపు చూశారు. "మీ నేల దిగిందండి" అన్నారు.

చూస్తే, పోయిన వారం కొలిచిన ముక్కకీ ఈ వారం కొలిచిన ముక్కకీ మధ్య మెట్టు. జానెడు మెట్టు, గీత గీసినట్టు. అక్కడ మెట్టు లేదు. నేను నడిచిన నేల అది.

"కార్డులు తప్పు పంచ్ అయి ఉంటాయండీ" అన్నాను. అనకూడని మాట. ఆవిడ నా కార్డులన్నీ మళ్ళీ పంచ్ చేసి, రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి, దీపానికి ఎదురుగా పట్టి చూపించారు. కన్నాలన్నీ ఒక్కటే. ఆ సాయంత్రం ఎల్లయ్యతో నా గోడు చెప్పుకున్నాను.

"పరేషాన్ గాకుర్రి సార్. అమ్మకొక కొబ్బరికాయ ఇయ్యుర్రి. అంత మంచిగైతది."

ఏ ఊరి పొలిమేరలో అయినా ఒక అమ్మ ఉంటుంది కదా అనుకుని ఒక కాయ ఇచ్చి పంపాను.

మూడో వారం పాత ముక్క కూడా మళ్ళీ కొలిచాను. ఈసారి మెట్టు లేదు. అంతా సమంగానే ఉంది. కానీ అంతా మూరెడు కిందికి ఉంది. మొదటి వారం కొలిచిన చోటే, ఒక ఈతచెట్టు మొదట్లో గుర్తుకి దిగ్గొట్టిన అదే మేకు. పది రోజుల్లో మూరెడు దిగిపోయింది.

లోపం ఎక్కడుందో ఒక్కొక్కటే వెతికాను. మా ఆఫీసు పెరడు కొలిచి, సోమయాజులు గారి చేత చేత్తో లెక్క కట్టించి, అదే కంప్యూటర్‌కి ఇచ్చాను. వెంట్రుకవాసి తేడా లేదు. ప్రోగ్రాం మంచిదే. దుర్భిణిని రెండు మేకుల మధ్య పెట్టి పరీక్ష చేశాను. అదీ మంచిదే. కార్డులు మంచివి, మిషను మంచిది, దుర్భిణి మంచిది. ఇక మిగిలింది నేల.

ఈతచెట్టు దగ్గరికి వెళ్ళి మేకు చూశాను. పగులు లేదు. గడ్డి నలగలేదు. చీమలు వాటి దారిన అవి పోతున్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని నేలకి చెవి ఆనించాను. నిజంగా ఆనించాను, నవ్వకండి. చల్లగా ఉంది. లోపల ఏదో సన్నగా, ఆగి ఆగి, జారుతున్నట్టనిపించింది. నా నాడి చప్పుడే అయి ఉండాలి.

"ఇక్కడేమైనా పాత బావి ఉండేదా ఎల్లయ్యా?"

"ఏమో సార్. మా తాత చెప్తుండె, ఈ బండల కింద బండలే లేవంట, ఖాళీ అంట."

ఆ మాట ఇంకెప్పుడైనా చెప్పకూడదా మనిషి?

ఇంకోటి చెప్పాలి. మా దుర్భిణిలో లోకం తలకిందులుగా కనిపిస్తుంది. మనుషులు కాళ్ళతో వేలాడుతుంటారు, ఆకాశం అడుగున ఉంటుంది. అలవాటైపోతుంది. కానీ ఆ వారం రాయి మీద కర్ర పెట్టించి అంకె చదువుతుంటే, కర్ర పక్కన పై అంచు నుంచి పొగ కిందికి కారుతోంది. నీళ్ళలా, నెమ్మదిగా. తల ఎత్తి చూశాను. నా కళ్ళజోడు జేబులో ఉంది. వెతికి పెట్టుకునేసరికి పొదలు, పొదల పైన ఎల్లయ్య తల, కర్ర. పొగా లేదు, ఏమీ లేదు.

వెళ్ళి చూడొచ్చుగా అంటారు. మీరైతే వెళ్ళేవారు. నాకు భయమేసింది. నేను స్టాండు పెట్టేది దారి పక్క బండ నీడలో, రాయి దగ్గరికి వెళ్ళేది ఎల్లయ్య. అదే మా పద్ధతి. ఆ పద్ధతి పట్టుకుని వేలాడాను. గురువారం కాగితం చూశాక ఎల్లయ్య చేతికి రెండు కొబ్బరికాయలు, ఒక ఎర్ర జాకెట్టు గుడ్డ ఇచ్చాను. "నా పేరు చెప్పి ఇవ్వు అమ్మకి" అన్నాను. వాడు కళ్ళకద్దుకుని తీసుకున్నాడు.

నాలుగో వారం. మబ్బు పట్టి ఉంది. బండలన్నీ ఏనుగుల వీపుల్లా నల్లబడ్డాయి. దుర్భిణికి కన్ను ఆనించాను. కర్ర మీద అంకె ఇంకా తగ్గింది. అంకె పైన, అంటే నిజానికి కింద, ఎర్రగా ఏదో ఉంది. ఆ ఎరుపు పక్కన పచ్చటి ముఖం. రెండు తెల్లటి కళ్ళు. తలకిందులుగా. రెప్ప వాల్చకుండా నన్నే చూస్తున్నాయి.

నేను వెనక్కి పడ్డాను. స్టాండు పడలేదు, అదే పదివేలు. మళ్ళీ చూడలేదు. ఆ రోజు అంకె ఎలా చదివానో నాకే తెలియదు.

గురువారం సరళ గారు కాగితం నా చేతికివ్వలేదు. టేబుల్ మీద పెట్టి వెనక్కి జరిగారు. మొదటి వారం మీద రెండు మూరలు దిగింది. రోడ్డు పొడుగూతా నలుపు. మధ్యలో ఎక్కడా తెల్లటి చోటు లేదు. "ఇది మీరు ఎవరికైనా చెప్పాలండి. మనుషులు తిరిగే చోటు" అన్నారు మెల్లగా.

అప్పుడు నాకు రెగ్యులరూ గుర్తులేదు, టెంపరరీ గుర్తులేదు. ఎల్లయ్య పిల్లలు ఆ నేల మీదే ఆడుకుంటారు. ఆ మధ్యాహ్నమే ఇ.ఇ. గారి గదిలోకి వెళ్ళి నాలుగు కాగితాలూ పరిచి, "అయ్యా, కొండాపూర్ దగ్గర నేల కుంగుతోంది" అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన చదివి, ఫోను తీశారు. రాళ్ళూ నేలా తెలిసిన ప్రొఫెసరు గారిని ఒకాయన్ని శనివారానికి పిలిపించారు.

బయటికి వస్తూ, నా కోసం కాచుకుని ఉన్న ఎల్లయ్యతో చెప్పాను. "అమ్మకి మొక్కుకున్నానని చెప్పు. ఈ నేల నిలబడితే, అమ్మకి గద్దె ఉండే ఉంటుంది కదా, నా తరఫున దానికి ఇంకో వరస కట్టిస్తాను." ఒక కాయ కూడా పెట్టాను చేతిలో.

"గట్లనే సార్, ఇయ్యాల్నే" అన్నాడు.

శనివారం పొద్దున పది గంటలకి జీపు. ఇ.ఇ. గారు, ప్రొఫెసరు గారు, వెనక సోమయాజులు గారు, ఆయన ఒళ్ళో నా లెవెల్ పుస్తకం. నేను దారి పొడుగునా మణికొండ వైపు చూస్తూ కూర్చున్నాను. దిగగానే ప్రొఫెసరు గారు నేల చూశారు, బండ చూశారు, సుత్తితో కొట్టి చూశారు. "ఇది కదిలే నేల కాదే. బెంచ్ మార్క్ ఎక్కడ?" అన్నారు.

"ఆ పొదల వెనకండి."

ముందు ఆయన, వెనక ఇ.ఇ. గారు, వాళ్ళ వెనక నేను. పొదలు తిరిగి అటు వెళ్ళాం.

అయిదు వరసల రాతి గద్దె. సున్నం కొట్టి, ఎర్రటి జాజు గీతలు గీసి ఉంది. చుట్టూ వేపమండలు. పక్కన సాంబ్రాణి పొగ. గద్దె మీద, పసుపు పూసి, నేను పంపిన ఎర్ర జాకెట్టు గుడ్డ కట్టుకుని, వెండి కళ్ళతో నా బెంచ్ మార్క్. నుదుట నేను వేసిన ఎర్ర బాణమే బొట్టు. ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎల్లయ్య చెప్పులు విప్పి, గద్దె పక్కన బండ ఎక్కి, దండం పెట్టి, ఒక బట్ట మడత పెట్టి అమ్మ నెత్తి మీద వేసి, దాని మీద కర్ర నిలబెట్టాడు. "చదవుర్రి సార్" అన్నాడు నాకేసి చూసి.

మొదట ఇ.ఇ. గారు బూట్లు విప్పారు. తరవాత ప్రొఫెసరు గారు. దర్యాప్తుకి వచ్చినవాళ్ళమంతా వరసగా నిలబడి దండం పెట్టుకున్నాం. మరి అమ్మ ఎదుట ఏం చేస్తాం?

ఆ గడ్డిమోపు ఆమె నన్ను గుర్తుపట్టింది. "గీ సారే పెట్టిండు అమ్మను. మా ఊరికి ఇప్పటిదాంక దిక్కు లేకుండె" అంది పక్కామెతో.

"ఎల్లయ్యా" అన్నాను. "దీన్ని పైకెందుకు ఎత్తారయ్యా?"

"మీరే కద సార్ పంపిస్తిరి? మీరు కొట్టిన మొదటి కాయకు, వారం తిరిగినంక ఊరోళ్ళు ఒక వరస పేర్చి కూసోబెట్టిన్రు. గంత పెద్ద సారు మొక్కుతుండు, మనం అమ్మను మన్నుల ఉంచుతమా అన్నరు. అటెన్క మీరు పంపిన ఒక్కో కాయకు ఒక్కో వరస. మొన్న మీ మొక్కు గూడ తీర్చినం. ఇగ ఫికర్ జెయ్యకుర్రి."

ప్రొఫెసరు గారు టేపు తీసి గద్దె కొలిచారు. వరసకి జానెడు. అయిదు జానలు. మొన్నటి మొక్కు వరస తీసేస్తే నాలుగు. నా పాతాళం లోతు అదే. నేను భయపడి ఒక కాయ కొడితే రాయి జానెడు పైకి లేచింది. రాయి లేస్తే లెక్కలో నేల జానెడు దిగింది. నేల దిగిందని నేను ఇంకో కాయ పంపాను.

ఇ.ఇ. గారు కొబ్బరిముక్క ప్రసాదం నములుతూ నా వైపు తిరిగారు. "ఏమయ్యా, నీ మొక్కులు తీరేలోగా మనం రోడ్డు బదులు సొరంగం తవ్వేవాళ్ళం."

సోమయాజులు గారు నా పుస్తకం తెరిచి, రైలు కట్ట మోరీ దగ్గర సరిచూశానని నేను రాసిన చోట వేలు పెట్టి చూపించారు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ వేలు చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అమ్మని కిందికి దించమనే ధైర్యం ఎవరికీ లేదు. ఆదివారం పొద్దున్నే నేనూ సోమయాజులు గారూ ఆ మోరీ దాకా నడిచి, అక్కడి నుంచి కొలుచుకుంటూ వచ్చి, ఎవరూ ఎత్తలేని పెద్ద బండ మీద ఉలితో చదును చేయించి కొత్త గుర్తు పెట్టాం. రోడ్డు అమ్మ పక్క నుంచి కాస్త వంపు తిరిగింది. ఇక పాత కొలతలన్నీ సరిదిద్దాలంటే ఏ రోజు రాయి ఎంత ఎత్తులో ఉందో తెలియాలి. ఆ లెక్క ప్రపంచంలో ఒక్క చోటే ఉంది. సోమవారం ప్రత్యేకంగా టైమడిగి సరళ గారి ముందు కూర్చుని చెప్పాను. "మొదటి కాయ వరస రెండో వారం శుక్రవారం లేచిందండి, ఒక జానెడు కలపండి. రెండోది ఆ పై గురువారం, ఇంకో జానెడు. ఎర్ర గుడ్డ పంపిన దగ్గర్నుంచి మొత్తం నాలుగు. బట్ట మడతకి అంగుళం." ఆవిడ తల వంచుకుని పంచ్ చేస్తున్నారు. భుజాలు కదులుతున్నాయి. నాలుగు వారాల్లో ఆవిడ నవ్వడం చూసింది అదే మొదటిసారి.

కాగితం వచ్చింది. నేల తిరిగి పైకి వచ్చింది. నాలుగు వారాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. ఒక్క ఈతచెట్టు దగ్గర తప్ప. అక్కడ ఇంకా రెండంగుళాలు తక్కువ. మళ్ళీ వేయించాం. మళ్ళీ రెండంగుళాలే. గురువారం నేనే వెళ్ళి కొత్త గుర్తు నుంచి కొలిచాను. ఉన్నాయి, ఆ రెండంగుళాలు అలాగే ఉన్నాయి. గాలి బండల్లోంచి ఊపిరి పీలుస్తోంది. ఎల్లయ్యని అడిగితే, "నేను చెప్పలే సార్, ఖాళీ అని" అన్నాడు.

డ్రాయింగు నెలాఖరుకి చేరింది. రెగ్యులర్ సంగతి అడిగితే ఇ.ఇ. గారు, "ఇంకో ఆరు నెలలు టెంపరరీగానే ఉండు. నిన్ను ఒకచోట పర్మనెంటుగా నిలబెడితే నీకూ గద్దె కడతారేమోనని నా భయం" అన్నారు. మా అమ్మకి ఇంకా చెప్పలేదు.

నిన్న సాయంత్రం బజారులో వస్తూ ఆ రెండంగుళాలు గుర్తొచ్చాయి. ఎందుకైనా మంచిదని ఒక కొబ్బరికాయ కొన్నాను, పొద్దున్నే ఎల్లయ్యకి ఇద్దామని. ఆఫీసు మెట్ల దగ్గర సోమయాజులు గారు ఎదురై నా సంచీలోకి తొంగి చూశారు. కాయ తీసి తన సంచీలో వేసుకున్నారు.

"రెండంగుళాలు నేను పెన్సిలుతో సరిచేస్తాలే. ఈ కాయ మా ఇంట్లో పచ్చడికి పనికొస్తుంది" అన్నారు.